దొరసాని గిన్నె, నా పాండిత్యం

ఆ రోజుల్లో నాకు తెలిసిన సంగతి ఇంకొకరికి చెప్పకపోతే తిన్నది అరిగేది కాదు. బాపట్లలో కొత్తగా లెక్చరర్‌గా చేరాను. ఎదురుగా పిల్లలు నోట్సు రాసుకుంటూ కూర్చుంటే ఆ జబ్బు ముదరక ఏం చేస్తుంది? (ఇప్పటికీ పూర్తిగా నయం కాలేదని మా ఇంట్లోవాళ్లు అంటారు.)

తెనాలిలో మా పెద్దమ్మ షోకేసులో ఒక గాజు గిన్నె ఉండేది. చుట్టూ ద్రాక్ష గుత్తులు, తీగలు, మధ్యలో తళతళలాడే పలకలు. విక్టోరియా రాణి కాలంలో మిషన్ దొరసాని మా తాతమ్మ తల్లికి ఇచ్చిందట. “ఒక్కో ఆకూ చేత్తో చెక్కారే, ఇలాంటిది లోకంలో ఇంకోటి లేదు” అనేది పెద్దమ్మ. అడుగున ‘ఆర్‌డి’ అన్న అక్షరాలూ, ఏవో అంకెలూ ఉబ్బెత్తుగా ఉంటే, అది దొరసాని ఇంటి రోడ్డు నంబరని కూడా చెప్పేది.

పెద్దమ్మ కూతురు, మా అక్క ప్రధానం రోజున ఆ గిన్నె నిండా సేమ్యా పాయసంతో బల్ల మీదికి దిగింది. రేపల్లె నుంచి పెళ్లికొడుకూ, వాళ్లమ్మా, నాయనమ్మా వచ్చారు. పెద్దమ్మ వాళ్లకు గిన్నె చరిత్రంతా చెబుతోంది. నేను ఊరుకోవచ్చుగా! ముందు వారమే ఆ అంకెల సంగతి ఫోన్‌లో వెతికి పెట్టుకున్నాను మరి.

“అది రోడ్డు కాదు పెద్దమ్మా, రిజిస్టర్డ్ డిజైన్. ఆ తీగల నమూనా వేరే కంపెనీవాళ్లు కాపీ కొట్టకుండా ఇంగ్లండులో నమోదు చేయించుకున్న నంబరు. చేత్తో చెక్కింది కూడా కాదు. కరిగిన గాజు ఇనప అచ్చులో పోసి నొక్కేవాళ్లు. మన కజ్జికాయల అచ్చు లాగే!”

“మా దొరసాని గిన్నె కజ్జికాయా?” అంది పెద్దమ్మ. పెదనాన్న చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. అక్క చూసిన చూపుకి నేను బల్ల కిందికి దూరవలసింది.

పెళ్లికొడుకు తల్లి గిన్నె పైకెత్తి అడుగు చూసింది. పాయసం పట్టుచీర మీద ఒలికినా పట్టించుకోలేదు.

“అయితే అమ్మాయ్, ఇలాంటివి ఇంకా ఉంటాయా?”

“బోలెడు ఉంటాయండి.”

“అమ్మయ్య! మా అత్తయ్యగారి గిన్నె కూడా అచ్చం ఇదేనండి. నేను కాపురానికొచ్చిన నెలకే నా చేతిలో పగిలింది. అప్పట్నుంచి ఇంకోటి దొరుకుతుందేమోనని చూస్తూనే ఉన్నా” అనేసి, ఆవిడ నాలుక కరుచుకుంది. అత్తగారు పక్కనే ఉన్నారు.

“ఏంటే, పగలగొట్టింది పిల్లి కాదా?”

“కాదండి అత్తయ్యగారూ...”

“అయ్యో, ఏడాది పాటు దానికి పాలు కూడా పోయలేదు కదే!”

ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ తరువాత పెద్దమ్మతో సహా ఎవరూ ఆగలేదు.

సాయంత్రం వాళ్లు బయల్దేరేటప్పుడు పెద్దమ్మ ఆ గిన్నె కడిగి, పాత తువ్వాల్లో చుట్టి, ఆ ముసలావిడ ఒళ్లో పెట్టింది.

“వద్దండి, మీ పెద్దల గుర్తు” అంది వియ్యపురాలు.

“మా పిల్లే మీ ఇంటికొస్తోంది కదా వదినగారూ, ముందు గిన్నెను రానివ్వండి.” చెమర్చిన కళ్లతోనే పెద్దమ్మ తువ్వాలు అంచు ఇంకోసారి సర్దింది.

నా పరిశోధన వల్లే రెండు కుటుంబాలూ దగ్గరయ్యాయని బాపట్లలో నేనుండే హాస్టల్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. పెద్దమ్మ ఆ రోజు ఏం ఇచ్చేసిందో తెలిసే వయసు కాదు. అప్పటి ఆ లెక్చరరమ్మ ఇప్పుడు ఎదురైతే నేను కోప్పడను. పక్కన కూర్చోబెట్టుకుని తినడానికి ఏదైనా పెడతాను. కాసేపైనా నోరు ఖాళీ ఉండదు, పాపం.