సార్ అడిగిన రంగు

మా ల్యాబ్ సార్ పోయారన్న కార్డు, సత్తెనపల్లిలో నేను పనిచేసే ఆసుపత్రికి శనివారం వచ్చింది. చావు కబురని తెలిసేలా మూల చింపిన కార్డు కదా, పోస్ట్‌మాన్ నా మొహం చూడకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అప్పటికే భూస్థాపన అయిపోయి నాలుగు రోజులైంది. మర్నాడే బస్సెక్కి వెళ్ళి అమ్మగారిని, అంటే సార్ భార్యని, పలకరించి వచ్చాను. ఏడుపొక్కటే వెంటబెట్టుకుని వెళ్ళినదాన్ని, తిరిగొచ్చేటప్పుడు ఇంత అయోమయం మూటగట్టుకుని వచ్చాను. మీతో చెప్పుకుంటే అదేమన్నా విడుతుందేమోనని రాస్తున్నాను.

వాడరేవు గాలి తగిలే ఊళ్ళో ఒక మిషన్ ఆసుపత్రి. అక్కడ ల్యాబ్ టెక్నీషియన్ ట్రైనింగుకి నేను వెళ్ళిన ఏడాది రెండే సీట్లు. పదిమందిమి వెళ్ళాం. అందరి చేతుల్లోనూ మార్కుల కాగితాలు. సార్ వాటి మొహం కూడా చూడలేదు. బల్ల మీద పాత పేపరు పరిచి, ఎండుమిరపకాయలు కుమ్మరించి, "తాలు ఏరండమ్మా" అన్నారు. టౌను పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నాకైతే తల కొట్టేసినట్టయింది. వేసవి వచ్చిందంటే మా అమ్మా నేనూ కల్లాల్లో కూర్చుని రంగు పోయిన కాయ వేరుచేసే కూలిపని అదే. కూలోళ్ళ పిల్లవి, నీకిక్కడేం పని అని చెప్పడానికే ఈ పరీక్ష పెట్టారనుకున్నాను. ఆ కోపంలో గబగబా ఏరేశాను.

నేను తీసేసిన కాయ ఒకటి పట్టుకుని, "ఇదెందుకు తీశావమ్మా?" అన్నారు.

"ముచ్చిక కింద ఆకుపచ్చ చార ఉందండి. పండకముందే కోశారు."

ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి, చివరికి నావైపు చూసి "సరే" అన్నారు. అంత చారని అంతసేపు చూడ్డానికేముందో నాకు అర్థం కాలేదు. సీటు మాత్రం ఇచ్చారు.

ఆయన చెప్పేవాటికి పుస్తకంలో పాఠాలుండేవి కావు. చేతులు వణక్కూడదు. సీసా మీద పేరు రాశాకే మూత తియ్యాలి. వరండాలో ఎవరు కాళ్ళావేళ్ళా పడ్డా రిపోర్టు సంగతి నోరు జారకూడదు. మైక్రోస్కోపులో ముందు ఆకారం చూడు, రంగు సంగతి తర్వాత, అనేవారు. ఒకసారి సెలవుకి ఊరెళ్ళి, మిరపకాయ ఏరి, ఆ కారం చేతులతోనే వచ్చి ఒక పెద్దాయన వేలికి సూది గుచ్చాను. పాపం ఆయన చెయ్యి విదిలించుకుంటూ ఆసుపత్రి ఎగిరిపోయేలా అరిచాడు. సార్ నన్ను ఒక్కమాటనలేదు. ఆ తర్వాత నేను ఊరినుంచి వచ్చిన ప్రతిసారీ కొబ్బరినూనె సీసా నా ముందుండేది.

ఆయనకొక పద్ధతుండేది. చక్కెర జబ్బు పరీక్షకి నీలంరంగు మందులో మూత్రం చుక్కలు వేసి దీపం మీద కాచేవాళ్ళం. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. కొంచెం ఉంటే ఆకుపచ్చ, మరీ ఎక్కువైతే ఇటుక ఎరుపు. ఆ ట్యూబుని సార్ కిటికీ వెలుతుర్లో పట్టుకుని, ట్రైనింగులో ఉన్న మా ఇద్దరినీ విడివిడిగా పిలిచి "ఏ రంగు?" అని అడిగేవారు. ఇద్దరి మాటా కలిస్తేనే రిజిస్టర్లో రాసేవారు. మాకు పరీక్ష పెడుతున్నారనుకునేవాళ్ళం.

ఒకరోజు రెండో అమ్మాయి జ్వరంతో రాలేదు. బయట జనం. ఒంగోలు బస్సుకి వెళ్ళాలని ఒక రిటైరైన మాస్టారు తొందరపెడుతున్నారు. సార్ ట్యూబు పట్టుకుని "ఏ రంగు?" అన్నారు. నేను మైక్రోస్కోపులోంచి తలెత్తీ ఎత్తకుండానే "పోయిన వారంలాగే ఆకుపచ్చేనండి" అనేశాను. ఆయన రాశారు. మాస్టారు ఆ కాగితం డాక్టరుగారికి చూపించి బస్‌స్టాండుకి వెళ్ళిపోయారు.

ట్యూబులు కడగబోతే మాస్టారి ట్యూబులో ఇటుకరంగు కనపడింది. చెబితే సీటు పోతుంది, మళ్ళీ కల్లమే గతి. చెప్పకపోతే ఆ మాస్టారు ఏమైపోతారో. చివరికి ఆ ట్యూబుతోనే వెళ్ళి సార్‌తో చెప్పాను.

"చూసి చెప్పావా, అనుకుని చెప్పావా?"

"అనుకుని చెప్పానండి."

ఆయన సైకిలేసుకుని పరిగెత్తి, కదలబోతున్న బస్సులోంచి మాస్టార్ని దింపుకొచ్చారు. ఆ కాగితం దిద్దేటప్పుడు, చేతులు వణక్కూడదని మాకు రోజూ చెప్పే మనిషి చేతులు వణుకుతున్నాయి. "రంగు తెలియనోళ్ళు ఎక్కడైనా ఉంటారమ్మా. చూడకుండా చెప్పేవాళ్ళు మాత్రం ఇక్కడ ఉండకూడదు" అన్నారు. అంతే. నన్ను పంపెయ్యలేదు. ట్యూబు ఆయన చేతిలోనే ఉంది కదా, ఆయనకెందుకు కనపడలేదా అని చాలా రోజులు కొట్టుకున్నాను. నాకు బుద్ధి రావాలని కావాలనే రాశారేమోనని సరిపెట్టుకున్నాను.

మొన్న ఆ సంగతే తలుచుకుని ఏడుస్తుంటే అమ్మగారు నా చెయ్యి పట్టుకుని, "నీకు తెలీదా? ఆయనకి ఎరుపూ ఆకుపచ్చా ఒకటేనమ్మా. పుట్టుకతోనే. పెళ్ళయిన కొత్తలో నా చీర రంగు నన్నే అడిగేవారు" అన్నారు.

ముందు కోపమొచ్చింది. ఆ పనికి మొట్టమొదట కావలసిందే లేని మనిషి, మాకందరికీ ఆ పని నేర్పాడా? ఎవరితోనన్నా చెబితే ఒక్కరోజు ఉంచేవారా? మళ్ళీ, ఇద్దరి మాట కలవకుండా ఆయన రంగు రాసింది ఆ ఒక్కరోజేగా, ఆ రోజు చూపుండీ చూడని తప్పు నాదేగా అనిపిస్తుంది. ఆయన చేసింది తప్పో ఒప్పో నాకు తేలడం లేదు. నన్ను మనిషిని చేసింది మాత్రం ఆయనే. ఈ రెండు మాటలూ నా బుర్రలో కలిసి కూర్చోవడం లేదు.

ఇప్పుడు నా దగ్గరా ఇద్దరు పిల్లలు నేర్చుకుంటున్నారు. నిన్న పొద్దున ట్యూబు వెలుతుర్లో పట్టుకుని ఒకమ్మాయిని "ఏ రంగు?" అని అడిగాను. తీరా చూసుకుంటే నా కళ్ళు ట్యూబు మీద లేవు, ఆ పిల్ల మొహం మీద ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. కిటికీ దగ్గర ట్యూబు ఎత్తి పట్టుకుని ఎన్నిసార్లు అడిగినా, సార్ ఒక్కసారైనా దానివైపు చూసేవారు కాదు. నా మొహంలోకే చూస్తూ నిలబడేవారు.