మూడు వేల వోల్టుల తోటికోడళ్ళు

ఆ ఇంటి పెద్దకోడలికి కరెంటంటే భయం లేదు. ఇరవై రెండేళ్ళుగా భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఆమె పనే అది. ప్రయోగాలకు మూడు వేల వోల్టులు అందించే పెట్టెల్ని బిగించి, బల్ల మీద పెట్టి, వందేసి వోల్టులు పెంచుకుంటూ పోవాలి. పెంచినప్పుడల్లా పది నిమిషాలు ఆగి, లోపల కరెంటు ఎక్కడైనా కారుతోందేమోనని మీటరుకేసి చూస్తూ కూర్చోవాలి. ఆమె ఓపిక చూసి ప్రొఫెసరే ముక్కున వేలేసుకునేవాడు. ఆ ఓపికంతా ఇంటికొచ్చేసరికి ఏమైపోయేదో ఆమె మొగుణ్ణి అడగాలి.

ఆమె బాధల్లా చిన్నకోడలితోనే. నాలుగేళ్ళ కిందట, "మా తోటికోడలండీ, చేతిపని శుభ్రంగా ఉంటుంది" అని వెంటబెట్టుకెళ్ళి మరీ ఉద్యోగంలో పెట్టించింది తనే. ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. చిన్నది బిగించిన పెట్టెలు మూడు వేలు దాటినా కిక్కురుమనవు. తను బిగించిన పదింట్లో ఒకటైనా మధ్యలో టప్పుమని ఆగిపోతుంది. ఈ సంగతి అత్తగారి దాకా పాకింది. "చిన్నదాని చేతిలో ఏదో ఉందే" అంటుంది ఆవిడ, వడ్డించేది చిన్నదానికైనా చూసేది పెద్దదాని మొహం.

ఇప్పుడు కొత్త ప్రయోగం వచ్చిపడింది. కొండ కింద సొరంగంలో పెద్ద యంత్రం పెట్టారు. దానికి మొదటిసారి వోల్టేజీ ఎక్కించడానికి ఒక్కరే వెళ్ళాలి. ఎవరి పెట్టెలు గట్టిగా నిలిస్తే వాళ్ళనే పంపిస్తానన్నాడు ప్రొఫెసర్. పెద్దకోడలు ఇన్నేళ్ళలో వందల పెట్టెలు పంపింది కానీ, అవి వెళ్ళి తగులుకునే యంత్రాన్ని ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు. ఇప్పుడు అక్కడికి చిన్నది వెళ్తే బతికి ఏం లాభమనిపించింది.

మధ్యాహ్నం చిన్నకోడలు భోజనానికి వెళ్ళింది. ఆమె పెట్టె బల్ల మీదే ఉంది. పెద్దకోడలు కరెంటు తీసేసి, లోపల మిగిలింది నేలలోకి దిగిపోయేలా ఎర్తు కడ్డీ తాకించి, మూత విప్పింది. గుట్టేమిటో తేలిపోవాలనుకుంది. తీరా చూస్తే గుట్టూ లేదు, గాడిదగుడ్డూ లేదు. అవే తీగలు, అవే మరలు, అవే తెల్లటి పింగాణీ దిమ్మలు. వాటికేమైనా పూసిందేమోనని వేలితో రుద్ది చూసి, మూత బిగించేసింది. ఆ కంగారులో చేతికి తొడుగు లేదన్న సంగతే గమనించలేదు.

సాయంత్రం పరీక్షలో ఆ పెట్టె రెండు వేల నాలుగు వందల దగ్గరే చతికిలపడింది. ప్రొఫెసర్ విప్పి, దీపం కింద పెట్టి చూపించాడు. పింగాణీ మీద వేలిముద్ర ఉంది.

"చెమట చేత్తో ముట్టుకున్నారమ్మా. ఆ కాస్త ఉప్పు చాలు, కరెంటు కారిపోడానికి."

"ముట్టుకున్నట్టు గుర్తే లేదండీ" అంది చిన్నకోడలు, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

"మీ పెట్టెలన్నీ మళ్ళీ విప్పి తుడవండి. సొరంగానికి పెద్దావిడ వెళ్తారు."

పెద్దకోడలు కుడిచేతిని కొంగులో దాచుకుంది.

ఇంట్లో అత్తగారు ఆ పూట మొదట పెద్దదానికే వడ్డించింది. చిన్నది కాపురానికొచ్చాక అదే మొదటిసారి. పెద్దకోడలు కంచం ముందుకు నెట్టేసింది. లేచి గదిలోకి వెళ్తే, అక్కడ చిన్నకోడలు పెద్దకోడలి ప్రయోగశాల కోటు ఇస్త్రీ చేస్తోంది.

"పోనీలే అక్కా, నా తప్పుకి బయటివాళ్ళెవరో వెళ్ళకుండా మీరు వెళ్తున్నారు. నాకంతే చాలు."

ఈ మంచితనం కూడా తన ప్రాణానికేనా అని పెద్దకోడలికి ఏడుపొచ్చింది.

"ఆ వేలిముద్ర నాది" అనేసింది. "మూత విప్పింది నేనే. నీ మీద కుళ్ళుకొని విప్పాను."

ఇస్త్రీపెట్టె ఆగింది. చిన్నకోడలు దాన్ని పక్కన నిలబెట్టింది.

"సార్‌తో చెప్తారా?"

"రేపు పొద్దున్నే చెప్తాను."

చిన్నకోడలు ఓదార్చలేదు, తిట్టనూ లేదు. వేడివేడి కోటు తీసుకుని తను తొడుక్కుంది. అద్దం ముందు నిలబడి, భుజాలు సరిచేసుకుని, గుండీలు పెట్టుకుంది. అది తనకన్నా ఆమెకే కుదిరినట్టుందని చూసి, అంత ఏడుపులోనూ పెద్దకోడలికి మళ్ళీ కడుపు మండింది.