వోల్గాకీ నీపర్‌కీ ఒకే పాట

ఫిల్మ్‌నగర్ పాటల రచయిత త్రినాథరావు గారి పాట ఒక్కటీ వృథా పోలేదు. ఒక హీరో వద్దంటే ఆ పేరు కొట్టేసి ఇంకో హీరో పేరు పెట్టేవారు. సింహం, పులి, తొడ చరుపు అన్నీ యథాతథం. దాన్ని ఆయన వృత్తి నైపుణ్యం అనేవారు, ఆయన స్నేహితులం మేము గడుసుతనం అనేవాళ్లం.

కుర్రతనంలో ఆయనకు ఎర్రజెండా పిచ్చి. ఆ పిచ్చిలోనే ఓసారి సోవియట్ యూనియన్ వెళ్లొచ్చారు. మాస్కో చప్పట్లు కొట్టింది. కీవ్‌లో తెలుగు నేర్చుకున్న హలీనా ఆయన కవితలు అనువదించి చెల్లెలైపోయింది. అప్పుడదంతా ఒకే దేశం కాబట్టి ఆయన ప్రేమకు ఇబ్బంది రాలేదు. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద పడేసరికి ఈయన ఇక్కడ తల పట్టుకున్నారు.

"ఆ యుద్ధం సంగతి తర్వాత చూద్దురుగానీ, ముందు అన్నానికి లేవండి" అనేవారు భార్య రాజ్యలక్ష్మి గారు.

సరిగ్గా అప్పుడే మాస్కో కవి సమ్మేళనానికి రమ్మని ఇక్కడి రష్యా మైత్రీ సంఘం ద్వారా పిలుపొచ్చింది. జీవితమంతా ఎదురుచూసిన పిలుపు అది. ముందుగా ఒక శాంతి కవిత వీడియో పంపమన్నారు. పంపితే చెల్లెలు ఏమనుకుంటుందో, పంపకపోతే మాస్కో ఏమనుకుంటుందో. ఆయన తన వృత్తి నైపుణ్యాన్నే నమ్ముకున్నారు. "వోల్గా తల్లీ, నీ బిడ్డలు ఇంటికి రావాలి" అని మాస్కోకి పంపారు. ఓ కాఫీ తాగి, అదే కుర్చీలో అదే శాలువాతో, నది పేరొక్కటే మార్చి, "నీపర్ తల్లీ, నీ బిడ్డలు ఇంటికి రావాలి" అని కీవ్‌కి పంపారు.

సంఘం వాళ్లు వోల్గా వీడియోని యూట్యూబ్‌లో పెట్టారు. హలీనా చూసింది. ఆమె జవాబు తెలుగులోనే వచ్చింది.

"అన్నయ్యగారూ, నది పేరు మీ ఇష్టం. బిడ్డలు అన్నచోట మా అబ్బాయి పేరు పెట్టగలరా? ఆంద్రీ. మార్చి నుంచి కనబడటం లేదు."

ఆ పేరు ఆ లయలో చక్కగా ఇమిడింది. ఆయన మాత్రం దాన్ని కాగితం మీద పెట్టలేకపోయారు. రెండు వీడియోల సంగతి ఎత్తి ఆటపట్టిద్దామని వెళ్లిన నాకు ఆ జవాబు చదివి ఏడుపొచ్చింది.

మర్నాడు సంఘం వాళ్లు ఫోన్ చేసి వీసా కోసం పాస్‌పోర్టు అడిగారు. రానని చెప్పే ధైర్యం ఆయనకు అప్పటికీ రాలేదు.

"పాస్‌పోర్టు కనబడటం లేదండీ" అన్నారు. ఆ మాట దగ్గర ఆగి, ఫోను బల్ల మీద పెట్టేశారు.

అటువైపు వాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఆ పాస్‌పోర్టును బీరువాలో చీరల కింద భద్రంగా పెట్టిన రాజ్యలక్ష్మి గారే వచ్చి ఫోను అందుకున్నారు.

"అవునండీ, ఎంత వెతికినా కనబడలేదు" అన్నారు.