నెయ్యి అంటిన ఓటు

నేను సహకార శాఖలో సీనియర్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేశాను. అందుకు రెండేళ్ల ముందు, ఒక శ్రావణమాసం చివర్లో, ఆత్రేయపురానికి దగ్గర్లో ఉన్న ఒక ఊళ్ళో పూతరేకులు చేసే మహిళల సంఘానికి నన్ను ఎన్నికల అధికారిగా నియమిస్తూ ఉత్తర్వులు వచ్చాయి. ఎన్నికల అధికారి అంటే ఓటర్ల జాబితా అంటించిన రోజు నుంచి ఫలితం ప్రకటించే దాకా ప్రతిదానికీ జవాబుదారీ. పాలకవర్గంలో తక్కిన సభ్యులు ఏకగ్రీవమయ్యారు. పోటీ ఒక్క అధ్యక్ష పదవికే మిగిలింది. ఆ సంఘం నిబంధనల ప్రకారం అధ్యక్షురాలిని సభ్యులే నేరుగా ఎన్నుకుంటారు.

పోటీ చేసిన ఇద్దరూ తోటికోడళ్ళు. పెద్దావిడ సత్యవతి గారు అప్పటి అధ్యక్షురాలు. రేకులు తీసే మిషను తెప్పించాలని ఆవిడ పట్టుదల. చిన్నావిడ మంగాదేవి గారిది, మిషను వస్తే కుండ మీద చేత్తో రేకు తీసేవాళ్లకు పనుండదన్న భయం. ఒకే ఇంట్లో రెండు వాటాలు, మధ్యలో గోడ. ఒకరు ఇంట్లో ప్రచారం చేస్తే రెండోవారు వంట చేసుకుంటూ విని జవాబు సిద్ధం చేసుకునేవారు.

గుర్తుల దగ్గరే పేచీ మొదలైంది. ఇద్దరూ కుండ గుర్తే అడిగారు. ప్రతి ఓటరు ఇంట్లోనూ పొయ్యి మీద కుండే ఉంటుంది కనుక ఎవరికీ ఇవ్వలేదు. చీటీ తీస్తే సత్యవతి గారికి గొడుగు, మంగాదేవి గారికి కుర్చీ వచ్చాయి.

మర్నాడే మొదటి ఫిర్యాదు వచ్చింది. ప్రచారంలో తినుబండారాలు పంచకూడదని నియమం. మంగాదేవి గారు ఇంటింటికీ బెల్లం పూతరేకులు పంచుతున్నారని సత్యవతి గారు రాతపూర్వకంగా ఇచ్చారు. పిలిపించి అడిగాను.

"రుచి చూడమన్నానండి. ఓటెయ్యమన్లేదండి," అన్నారు మంగాదేవి గారు.

సాక్ష్యంగా ఒక పొట్లం నా బల్ల మీదికి వచ్చింది. ఫైల్లో భద్రపరచమని మా అటెండరు వీర్రాజుకిచ్చాను. సాయంత్రానికి ఫైలుంది, సాక్ష్యం లేదు. హెచ్చరికతో సరిపెట్టాను.

పోలింగు ఊరి బళ్ళో. ఆ రోజు పొద్దున్నుంచీ వాన. ఓటర్లందరూ గొడుగులేసుకుని వచ్చారు. పోలింగ్ కేంద్రానికి వంద మీటర్ల లోపల అభ్యర్థి గుర్తు ప్రదర్శించకూడదు. మంగాదేవి గారు నిబంధనల పుస్తకం తెరిచి పట్టుకుని ఎదురుగా నిలబడ్డారు. నేను గొడుగులన్నీ గేటు బయట పెట్టించాను. ఓటర్లు తడుస్తూ నన్ను తిట్టుకుంటూ లోపలికొచ్చారు.

పది నిమిషాల్లో సత్యవతి గారు వచ్చారు. "మరి తమరు కూచున్నదేవిటండి?"

మేం కూర్చున్నవి కుర్చీలు. వాటినీ బయటికి పంపాను. నేనూ నా సిబ్బందీ ఒకటో తరగతి పిల్లల బల్లల మీద, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, సాయంత్రం దాకా ఎన్నిక నడిపాం.

లెక్కింపు వెంటనే మొదలుపెట్టాం. నా సర్వీసులో అంత నెమ్మదిగా సాగిన లెక్కింపు మరొకటి లేదు. ఆ ఆడవాళ్ళ చేతులకు మడత పెట్టడం అలవాటు. ప్రతి బ్యాలెట్టునూ పూతరేకు చుట్టినట్టు అంచులు లోపలికి మడిచి బిగించారు. తడిసినవాటిని చిరక్కుండా విప్పడానికి గోళ్ళు చాల్లేదు.

చివరి బ్యాలెట్టు మిగిలేసరికి ఇద్దరికీ సరిసమానంగా ఓట్లు పడ్డాయి. విప్పాను. స్వస్తిక్ ముద్ర కుర్చీ మీద స్పష్టంగా ఉంది. పక్కన నెయ్యి మరక, బొటనవేలంత. నెయ్యి తగిలిన మేర కాయితం అద్దంలా అయింది.

ఓటరు ఎవరో తెలిసేలా గుర్తేదైనా ఉంటే ఆ ఓటు చెల్లదు. మరక గుర్తు కాదని నేను అనబోతుండగా సత్యవతి గారి ఏజెంటు నాగరత్నం గారు ముందుకు వంగి బ్యాలెట్టును వాసన చూశారు.

"ఇది చెల్లదండి. ఈ నెయ్యి ఎవరింటిదో నాకు తెల్సిపోయిందండి. తమలపాకేసి కాసేరు. మా ఊళ్ళో అలా కాసేది..."

"పేరు చెప్పకండి!" అని అరిచాను. చెబితే ఓటు రహస్యం అక్కడే పోయేది.

నిబంధనల పుస్తకంలో వాసన గురించి ఒక్క ముక్క లేదు. నిజంగానే వాసనతో ఓటరును గుర్తుపట్టగలిగితే ఆ ఓటు కొట్టెయ్యాల్సిందే. పరీక్ష పెట్టడం తప్ప దారి కనిపించలేదు. మా భోజనాల క్యారియర్లో నెయ్యి గిన్నె ఉంది. వీర్రాజు కొట్లో కొనుక్కొచ్చాడనుకున్నాను. కాస్త నెయ్యి తెల్ల కాయితానికి రాసి నాగరత్నం గారికిచ్చాను.

ఆవిడ కళ్ళు మూసుకుని వాసన చూశారు. "ఇదీ ఆవిడదేనండి. అచ్చం అదే."

గదిలో అందరూ గొల్లుమన్నారు. కొట్టు నెయ్యికీ ఇంటి నెయ్యికీ తేడా తెలియని ముక్కు సాక్ష్యానికి పనికిరాదని మినిట్స్‌లో రాయించి, ఓటు చెల్లుతుందని తీర్పు చెప్పాను. ఒక్క ఓటు తేడాతో మంగాదేవి గారు గెలిచారు. సత్యవతి గారు అభ్యంతరం రాయకుండా సంతకం పెట్టారు. నాగరత్నం గారు మాత్రం తన ముక్కుకు జరిగిన అవమానానికి ఏడ్చినంత పనిచేశారు.

అభ్యంతరాల గడువు ముగిశాక ఒకనాడు టీ తాగుతూ ఆ నెయ్యి ఏ కొట్లో కొన్నావని వీర్రాజును అడిగాను.

"కొట్లన్నీ మూసేసేరండి వానకి. సత్యవతి గారింట్లో అప్పాయమ్మ గారని పెద్దావిడుంటారు కదండి, ఆవిడ పోసేరండి. తమలపాకేసి తనే కాసేనన్నారండి."

అప్పాయమ్మ గారు ఆ తోటికోడళ్ళ అత్తగారు. ఆవిడా సంఘం సభ్యురాలే. అంటే నాగరత్నం గారి ముక్కు రెండుసార్లూ నిజమే చెప్పింది. ఆ ఓటు కొట్టేసి చీటీ తియ్యాల్సింది.

ఆదివారం బస్సెక్కి వెళ్ళి సత్యవతి గారితో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ చాట పక్కన పెట్టి నవ్వారు.

"తెల్సండి. ఆ గిన్నె నేనే కడిగిచ్చేను."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"చెప్తే మా అత్తయ్యగారు ఎవరికేసేరో ఊరంతటికీ తెల్సిపోద్ది కదండి. రేపు ఆవిడ నా చేతి అన్నం ఎలా తింటారు? డెబ్భయ్యేళ్ళ మనిషి, కుండ వదల్లేరు. మిషనంటే భయపడ్డారు." చాట మళ్ళీ అందుకుని, "ఓటు ఆవిడిష్టమండి. నెయ్యి మాత్రం నాది," అన్నారు.

పొరపాటు వివరిస్తూ పై అధికారికి నివేదిక పంపాను. ఓటరు పేరు రాయలేదు. గడువు ముగిసింది కనుక చర్య అవసరం లేదని జవాబు వచ్చింది.

పరీక్ష పెట్టేవాడు తన చేతిలోని వస్తువు ఎక్కడ నుంచి వచ్చిందో ముందు తెలుసుకోవాలన్నది ఆ ఎన్నికలో నేను నేర్చుకున్నది. ఆ తర్వాత నిర్వహించిన ఎన్నికలన్నిటిలోనూ బ్యాలెట్టు ఇచ్చే బల్లకు ముందు ఒక బకెట్టు నీళ్ళు, సబ్బు, తువ్వాలు పెట్టించాను. ఎందుకని అడిగినవాళ్ళకు పరిశుభ్రత అని చెప్పేవాణ్ణి.