ఖాళీ బండి కుదుపు

జోగయ్య మావకి సముద్రం పడలేదు. మా గుల్లలపేటలో మగపిల్లాడు పుట్టాడంటే తెప్ప మీద ఒక మనిషి పెరిగినట్టే లెక్క. ఈయన మాత్రం తెప్ప అల దాటీ దాటకముందే పేగులు బయటికొచ్చేలా వాంతులు చేసుకునేవాడట. రెండేళ్ళు చూసి వాళ్ళయ్య విసిగిపోయి, "ఈడి నూకలు నేల మీదే ఉన్నాయి" అని సాలూరు పంపించేశాడు. అక్కడ లారీల మీద పనికి చేరాడు. తర్వాత డ్రైవరయ్యాడు. ఒడిశా కొండల ఘాటీ రోడ్డు ఎక్కుతూ దిగుతూ సగం వయసు అక్కడే గడిచిపోయింది.

మేం పక్కపక్క ఇళ్ళవాళ్ళం. ఆయన భార్య నీలవేణి అత్తా నేనూ కలిసే చేపల గంపలెత్తేవాళ్ళం. కూతురు యమునకి గరివిడిలో సంబంధం కుదిరి వెళ్ళిపోయాక, అత్త ఇంట్లో ఒక్కతే ఉండలేక, "ఇంక లారీలు సాలు, వొచ్చీ" అని మావకి కబురు మీద కబురు పెట్టింది. నడుము కూడా పట్టేస్తూ ఉండడంతో ఆయన వచ్చేశాడు. మన చేపలు మనమే కాశీబుగ్గ మార్కెట్‌కి తోలుకుందాం, ఒక బండి కొందాం అనుకున్నారు.

అత్త మనసులో ఉన్నది చిన్న బండి. సందుల్లో తిరగాలి, ఇసుక దిబ్బ దాకా రావాలి, నాలుగు ట్రేలు ఎక్కువ పట్టాలి, డీజిల్ తక్కువ తాగాలి. మావ తెచ్చింది ఇంకొకటి. విశాఖలో ఒక కాంట్రాక్టరు వాడి అమ్మేసిన పెద్ద పికప్పు. కారులాగా రెండు వరసల సీట్లు, వెనక పొట్టి తొట్టి, మనిషి నడుమంత ఎత్తు చక్రాలు. ఆ బండి ఊళ్ళోకొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మా వీధి మొదట్లోనే ఆగిపోయింది. లోపలికి పట్టలేదు.

"నూట ముప్పై గుర్రాల బలవే దీనికి" అన్నాడు మావ, దిగీ దిగకుండానే.

"నూట ముప్పై గుర్రాలా? మరి ఆటికి మేతెవడు పెడతాడు?" అంది అత్త.

వీధంతా నవ్వింది. మావ కూడా నవ్వాడు గానీ మొహం కొంచెం చిన్నబోయింది.

"మనకి ఘాటీ ఎక్కడుంది బావా? కాశీబుగ్గ దాకా రోడ్డు అరిసెయ్యిలాగుంటాది. సేపలు సంతకెళ్తాయి గానీ కొండెక్కవు కదా."

"బలవుంటే ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొస్తాదే."

"ఎప్పుడో ఒకప్పుడు కోసం రోజూ డీజిల్ పొయ్యాలేటి?"

ఆయన బలం బలం అని ఎందుకు కొట్టుకునేవాడో అత్తకి తెలుసు, నాకు తర్వాత తెలిసింది. వయసులో ఉన్నప్పుడు ఘాటీ మలుపులో లోడు లారీ ఒకటి, ఇంజను లాగలేక, ఊపిరాగిపోయినట్టు ఆగి వెనక్కి జారిందట. చక్రం కింద రాయి వెయ్యడానికి దిగిన తోటి డ్రైవరు మళ్ళీ లేవలేదు. మావ వెనక బండిలో ఉండి అంతా చూశాడు. అప్పట్నుంచీ ఆయన చెవికి ఇంజను మూలిగితే అది మనిషి మూలిగినట్టే ఉండేది. ఎంత లోడున్నా మూలగని బండి ఒకటి కొనుక్కోవాలన్న కోరిక ఆయనకి అక్కడ పుట్టింది.

బండి వచ్చాక కష్టాలు అత్త చెప్పినట్టే వచ్చాయి. దిబ్బ దగ్గర్నుంచి రోడ్డు దాకా ట్రేలు మేమే తలకెత్తుకుని మోసేవాళ్ళం. రెండు వరసల సీట్లు తినేసిన చోటు పోగా, తొట్టిలో పట్టే సరుకు తక్కువ. మిగిలిన కవళ్ళ చేపల గంపలు ఆటోలో వెనకాల రావాల్సిందే. కాశీబుగ్గ మార్కెట్ సందులో బండి తిప్పుకోలేక వెనక్కి వెనక్కి పోనిస్తుంటే జనం తిట్టేవారు. అత్త కిటికీలోంచి తల బయటపెట్టి, "తిట్టకండి బాబూ, గుర్రాలు ఎక్కువై తిరగలేకపోతన్నాయి" అనేది.

అయినా ఆ బండికీ ఒక మంచి రోజు వచ్చింది. పోటులో ఇసుకలో కూరుకుపోయిన ఒక పెద్ద తెప్పని ఊరు ఊరంతా తాడు పట్టి లాగినా కదల్లేదు. మావ పికప్పుని రోడ్డు చివర గట్టి నేల మీద నిలబెట్టి, పొడుగాటి మోకు కట్టి, నెమ్మదిగా లాగాడు. చక్రాలు మట్టిని ఒక్కసారి విదిలించాయి. తెప్ప పెద్ద చేపలా మెల్లగా పైకి జరిగింది. పిల్లలు కేకలు. అత్త పక్క సీట్లో కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. ఆవిడ అంతగా నవ్వగా నేను మళ్ళీ చూడలేదు.

తరువాతి ఏడు ఆవిడ కాళ్ళు వాచాయి. మా ఉద్దానంలో కాళ్ళు వాస్తే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. తోటల ఊళ్ళల్లోనూ పేటల్లోనూ కిడ్నీల జబ్బు తగలని చుట్టరికం లేదు. మందులతో కొన్నాళ్ళు నెట్టుకొచ్చారు. తర్వాత డయాలసిస్ తప్పదన్నారు. దగ్గర ఊళ్ళల్లో అప్పటికి ఖాళీ దొరకలేదు. శ్రీకాకుళంలో దొరికింది. వారానికి రెండుసార్లు అంత దూరం పోయి రావాలి.

"సూసినావా, వెనక సీటు ఎందుకన్నావు. పడుకుని ఎల్లొచ్చు" అన్నాడు మావ, మొదటిసారి బయల్దేరేటప్పుడు. ధైర్యానికి అన్నాడు పాపం.

తోడుకి నన్ను రమ్మన్నారు. ఆ రోజే మా అందరికీ ఒక సంగతి తెలిసింది. ఆ బండి లోడు కోసం చేసిన బండి. వెనక తొట్టి ఖాళీగా ఉంటే చక్రాల మీదుండే ఇనప కమ్మీలు కర్రల్లా బిగుసుకుని, ప్రతి గుంతకీ మనిషిని పైకి విసిరేస్తుంది. చేపలతో వెళ్ళేటప్పుడు మాకది తెలిసేది కాదు. హైవే ఎక్కాక మావ పాత అలవాటుకొద్దీ ఒక లారీని దాటడానికి గట్టిగా తొక్కాడు. బండి ఉరికింది. వెనక అత్త వాంతి చేసుకుంది.

"ఎందుకు బావా ఇంత బేగి? మిషను ఎక్కడికీ పోదు" అంది నీరసంగా.

తిరిగొచ్చేటప్పుడు సూదులు గుచ్చిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకునేది.  మావ అద్దంలో చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన గోనె సంచుల్లో ఇసుక నింపుతున్నాడు. తొట్టి నిండా పేర్చాడు. బరువు పడితే బండి మెత్తబడుతుంది. ఆ బరువుకి డీజిల్ మరీ తాగుతుంది, అయినా సరే. ఆ తర్వాత నేను చూసిన జోగయ్య మావ వేరే మనిషి. గుంత కనిపించకముందే కాలు తీసేసేవాడు. వెనకాల ఆటోలు హారన్ కొట్టి దాటిపోయేవి. సైకిళ్ళ పక్కన సైకిల్లా నడిపేవాడు. నరసన్నపేట దాటేసరికి అత్త నిద్రపోయేది. నిద్రపోయిందని తెలియగానే ఆయన రేడియో ఆపేసేవాడు. అన్ని గుర్రాలున్న బండి పాలకుండ మోస్తున్నట్టు పోయేది.

మరుసటేడు అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. తెల్లవారుతూ మా తీరం మీదే పడింది. గాలి అరుపు ఆగేసరికి పొద్దెక్కింది. బయటికొచ్చి చూస్తే మా ఊరు మాకే గుర్తు తెలియలేదు. కొబ్బరి తోటలన్నీ ఒకే వైపు పడుకున్నాయి. జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. ఫోన్లు లేవు, కరెంటు లేదు. అత్తకి డయాలసిస్ ఆ రోజే. పైగా ముందుసారి మిషను పాడై సగంలోనే లేపేశారు. పొద్దున్నుంచే ఆయాసం మొదలైంది. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"ఎల్దాం" అన్నాడు మావ.

ముందురోజు వాన వల్ల బంకుకి వెళ్ళలేదు. ఎలాగూ ఆసుపత్రికి పోయే దారిలో కొట్టించుకుందాం అనుకున్నాడు. ఉన్న డీజిల్ హైవే ఎక్కి, పలాస దాటి, ఏదో ఒక బంకు దాకా వస్తుందని లెక్క. అత్తని వెనక సీట్లో నా ఒళ్ళో తల పెట్టి పడుకోబెట్టాం. గొడ్డళ్ళతో ముగ్గురు మగాళ్ళు తొట్టి ఎక్కారు.

ఆ రోజు ఆ బండి చేసిన పని నేను మరిచిపోలేను. దారికి అడ్డంగా చెట్టు మీద చెట్టు. మగాళ్ళు కొమ్మలు నరకడం, మావ గొలుసు కట్టి మానుని పక్కకి లాగడం. ఇంజను గర్జించేది గానీ మూలగలేదు. చిన్న బండైతే మా ఊరి పొలిమేర కూడా దాటేది కాదు. మా వెనకాల తెరిచిన దారిలో నడిచి వస్తున్న జనం మావకి దండాలు పెడుతున్నారు.

హైవేకి ముందు ఒక తోటల ఊరుంది. అక్కడ రోడ్డు పక్కన ఒక ఆడమనిషి జుట్టు విరబోసుకుని బండికి అడ్డం పడింది. ఆమె మొగుడు ఎర్రన్న, కొబ్బరి రైతు, కూలిన ఇంటి గోడకీ పెద్ద కొబ్బరి మానుకీ మధ్య ఇరుక్కుపోయాడు. నడుము కింద అంతా మాను కిందే ఉంది. పదిమంది ఎత్తుతున్నా అది లేవడం లేదు.

"బాబూ, నీ బండికి బలవుంది. నీ కాళ్ళు పట్టుకుంటాను" అంటోంది.

మావ డీజిల్ ముల్లు చూశాడు. ఎర్రగీత మీదకి వచ్చేసింది. ఆ మాను అంత ఇంత కాదు, నేల చూస్తే బురద. వెనక్కి తిరిగి అత్త మొహం చూశాడు. ఆ చూపుతో ఏం అడిగాడో నాకు తెలుసు. ఆయన నోటితో అడగలేకపోయాడు.

అత్త కళ్ళు తెరిచింది. "సూస్తావేటి బావా, లాగు" అంది.

లాగాడు. మొదటిసారి చక్రాలు బురదలో ఊరికే తిరిగాయి. ఆకులు, రాళ్ళు, పడిపోయిన తలుపురెక్కలు తెచ్చి చక్రాల కిందేశారు. మళ్ళీ లాగాడు. జారింది. గొలుసు మార్చి కట్టి ఇంకో పక్కనుంచి లాగాడు. అప్పుడు మాను మెల్లగా లేచింది. ఎర్రన్నని బయటికి ఈడ్చారు. ఒక కాలు నుజ్జయింది గానీ మనిషి బతికాడు. బండిలో అతన్ని పడుకోబెట్టే చోటు లేక, హైవే దాకా దారి తెరిచే ఉందని, మాతో వచ్చిన ముగ్గురూ అతన్ని మంచం మీద మోసుకెళ్ళడానికి అక్కడే ఆగిపోయారు. వాళ్ళావిడ ఏడుస్తూనే అత్త కాళ్ళకి మొక్కింది. అత్త ఆ చెయ్యి పట్టుకుని, "ఎల్లు, ఆయన కాడికెల్లు" అంది.

హైవే కనిపించే దూరంలో, జీడితోటల మధ్య, బండి రెండుసార్లు తుళ్ళి ఆగిపోయింది.

మావ తాళం తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.  తర్వాత దిగి హైవే వైపు పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ నడుముతో.

నేను అత్త వీపు నిమురుతూ కూర్చున్నాను. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు, కూర్చోబెట్టుకున్నాను. "బావేడే?" అని అడిగింది. ఇంకో బండి కోసం వెళ్ళాడన్నాను. "ఈ బండికేటయ్యింది?" అంది. నేను కొంగుతో ఆవిడ మొహం తుడిచాను.

మావ తిరిగొచ్చింది ఒక మూడు చక్రాల సరుకుల ఆటోలో. నూకయ్య అనే అతను హైవే మీద నీళ్ళ డబ్బాలు వేసుకుని పోతుంటే మావ చెయ్యెత్తి ఆపాడట. అత్తని దాని వెనకాల బరకం మీద కూర్చోబెట్టి, మావా నేనూ చెరోపక్కా పట్టుకున్నాం. పడిన చెట్ల సందుల్లోంచి, మట్టిదారుల్లోంచి అది ఎలుకలా దూరిపోయింది. అంత చిన్న ఇంజను, గట్టిగా తొక్కినా పరుగు లేదు. మావ దారి పొడుగునా "బేగి బాబూ, బేగి" అంటూనే ఉన్నాడు.

శ్రీకాకుళం చేరేసరికి దీపాలవేళ దాటింది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. మిషను పెట్టారు. రెండో రోజుకి కళ్ళు తెరిచి మాట్లాడింది. మొదట అడిగిన మాట, "ఆ ఎర్రన్న కాలు ఎలాగున్నాది?"

గరివిడి నుంచి యమున వచ్చి తల్లి దగ్గర కూర్చుంది. మేమంతా గండం గడిచిందనుకున్నాం. కానీ గుండె దెబ్బతింది. దీపావళి రాకుండానే, ఒక మధ్యాహ్నం, కూతురు జావ కలుపుతుండగా పోయింది.

ఊళ్ళో టీకొట్టు దగ్గర ఆ బండి గురించి చాలారోజులు వాదించుకున్నారు. అది లేకపోతే అసలు ఊరే దాటేవారు కాదని కొందరు. అదే డీజిల్‌తో చిన్న బండైతే విశాఖ దాకా పోయేదని కొందరు. ఎర్రన్న దగ్గర ఆగకపోతే అని ఎవరో మొదలుపెట్టి, మావ రావడం చూసి నోరు మూసుకున్నారు.

ఆయన విన్నాడు. ఇంటికొచ్చి నా అరుగు మీద కూర్చున్నాడు.

"జగ్గీ, బలం తప్పు కాదే. బలవున్నోడ్ని దారంట అందరూ అడుగుతారు. లేదనలేం. ఆ సంగతి నాను ముందు తెలుసుకోలేదు" అన్నాడు. మళ్ళీ తనే, "మీ అత్త లాగమనకపోతే నాను లాగుదునేటి? ఏమో" అన్నాడు. 

పికప్పుని సాలూరు వైపు కొండ రోడ్లు వేసే మేస్త్రీకి అమ్మేశాడు. ఆ మనిషి వచ్చి తోలుకుపోయేటప్పుడు మావ ఇంట్లోంచి బయటికి రాలేదు.

సంక్రాంతి వెళ్ళాక ఎర్రన్న వచ్చాడు, చంకలో కర్ర పెట్టుకుని, భార్య భుజం పట్టుకుని. గుమ్మం దాకా వచ్చి లోపలికి అడుగుపెట్టలేకపోయాడు. గోడ మీద అత్త ఫొటో చూసి అక్కడే కూలబడ్డాడు.

"నీ ఇంటికి నానే యముణ్ణయిపోయాను అన్నా."

మావ అతన్ని చూడకుండా ఫొటో వైపే చూశాడు. ఆ చూపులో కోపం లేదని నేను అనలేను. చివరికి లేచి, లోపల్నుంచి పీట తెచ్చి వేశాడు. "కిందెందుకు కూకున్నావు, కాలు నొప్పెడతాది" అన్నాడు. నన్ను చూసి టీ పెట్టమన్నాడు. ముగ్గురూ తాగారు. ఎర్రన్న తోటలో ఒక్క చెట్టు మిగల్లేదని అతని భార్య చెప్పింది. కొత్త మొక్కలు వచ్చాయి గానీ, గోతులు తవ్వడానికి ఇంట్లో కాళ్ళున్న మగాడు లేడని చెప్పి, చెప్పినందుకు సిగ్గుపడింది.

మావ వినీ విననట్టే ఖాళీ గ్లాసులు దగ్గరికి చేర్చాడు. వాళ్ళు వెళ్ళిపోయాక గ్లాసులు తనే కడిగాడు. మర్నాడు పొద్దున్న ఆయన తువ్వాలు తలకి చుట్టుకుని, గునపం భుజాన వేసుకుని ఎర్రన్న ఊరి వైపు నడిచి వెళ్ళడం చూశాను.  సాయంత్రం మట్టిచేతులతో వచ్చి, అన్నం తినకుండా పడుకున్నాడు. తర్వాతి రోజూ వెళ్ళాడు.