అందరూ ఎడమచేతివాటం వాళ్ళే

నా చిన్నప్పుడు నా ఎడమ చేతికి ఒక ఎర్ర రిబ్బను ఉండేది. జడకు కట్టుకునే రిబ్బనే. బడిలో మా డ్రాయింగు మాస్టరు దాన్ని నా జడలోంచి ఊడదీసి, ఆ చేతిని బెంచీకి కట్టేసేవాడు. కుడి చేతికి పెన్సిలిచ్చి మామిడికాయ గీయమనేవాడు. అది వంకాయలా వచ్చేది. క్లాసంతా నవ్వేది. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి, ఆ మాస్టరు కాలం చేసి ఎన్నో ఏళ్ళయింది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు ఇంకా ఉంది.

మా వైపు ఎడమచేతివాటం వాళ్ళని రొడ్డ అంటారు. ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచిన రోజులు తక్కువ, రొడ్డదానా అని పిలిచిన రోజులే ఎక్కువ. మా అవ్వకైతే అదొక బెంగ. ఆ చేత్తో మంచినీళ్ళిచ్చినా తీసుకునేది కాదు. "మొక్కై వంగనిది మానై వంగునా" అంటూ మాస్టరునే వెనకేసుకొచ్చేది. రోజూ పొద్దున్నే నా జడ అల్లి, ఆ ఎర్ర రిబ్బను కట్టి పంపేది కూడా ఆమే.

ఆ ఏడు సర్కారు డ్రాయింగు పరీక్షకు మా బడి నుంచి నలుగురిని కోలారు తీసుకుపోతారన్నారు. నాకు ఆ పరీక్ష మీదే ప్రాణం. బడిలో నా అంత బాగా గీసేవాళ్ళు లేరు. గొప్పలకు చెప్పడం లేదు, ఆ సంగతి మాస్టరుకూ తెలుసు. కానీ కుడి చేత్తో గీస్తేనే పంపుతానని తేల్చి చెప్పేశాడు. నేను లొంగిపోయాను. ఇంట్లో కూర్చుని కుడి చేత్తో గీతలు సాధన చేశాను. గీసిన ప్రతిదీ నాకే అసహ్యంగా కనబడేది. రెండు వారాలు పోయాక పెన్సిలు ముట్టుకోవడమే మానేశాను.

దాన్ని కనిపెట్టినవాడు మా పెదనాయన. మా నాయనకు అన్న. మా ఇంట్లోనే ఉండేవాడు. మా ఊరి బంగారు గనిలో, సర్వే ఆఫీసులో ట్రేసర్ పని ఆయనది. భూమి కింద సొరంగాలు ఎటు పోతున్నాయో ఇంజనీర్లు కాగితం మీద గీస్తే, దాని మీద గంజి పెట్టిన పల్చటి నీలం గుడ్డ పరిచి, నల్ల సిరాతో గీతకు గీత నకలు తీసేవాడు. పాడైన గుడ్డముక్కలు ఇంటికి తెచ్చి నానబెడితే గంజంతా వదిలి మెత్తబడేవి. మా ఇంట్లో చేతిరుమాళ్ళన్నీ అవే. ఆఫీసర్ల ముందు తల ఎత్తని మనిషి, ఇంట్లో కూడా పెద్దగా మాట్లాడడు. ఆయన చదివే పేపరు అంచుల నిండా నేను బొమ్మలు గీసేదాన్ని. ఒకరోజు పేపరు ఎత్తి చూపి, "ఏం పాపా, అంచులన్నీ తెల్లగా ఉండాయే?" అని అడిగాడు. నేను ఏడ్చేశాను.

ఆ ఆదివారం ఆయన ఒక లావుపాటి పాత పుస్తకం నా ముందు పెట్టాడు. ఆఫీసర్ల క్లబ్బులో చెదలు పట్టిన పుస్తకాలు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడట. అది అమెరికా వారపత్రిక ఒకటి, ఏడాది సంచికలన్నీ కలిపి కుట్టింది. అందులో రెండు పేజీల మీద పరిచిన బొగ్గుగని బొమ్మ ఉంది. టోపీల మీద కొవ్వొత్తులు గుచ్చుకున్న మనుషులు, బండను కొడుతున్నారు. "చేతులు చూడు పాపా" అన్నాడు. చూశాను. ఆరుగురు మనుషులు. ఆరుగురూ ఎడమ చేత్తోనే సుత్తి ఎత్తి ఉన్నారు. "అందురూ నీమాదిరే" అన్నాడు పెదనాయన.

ఆ బొమ్మ వేసినాయన పోయాక, పత్రికవాళ్ళు ఆయన బతుకు గురించి రాసి, పాత బొమ్మను మళ్ళీ అచ్చువేశారు. పెదనాయన వేలు పెట్టి చదువుతూ తెలుగులో చెప్పాడు. ఆయన గుర్రాలకు లాడాలు కొట్టేవాడి కొడుకు. పద్నాలుగేళ్ళకే చెక్క మీద బొమ్మలు చెక్కే కొట్టులో చేరాడు. ఏ బడిలోనూ గీయడం నేర్చుకోలేదు. అప్పటికి ఫోటోలు పత్రికల్లోకి రాలేదు. ఎక్కడ ఏం జరిగినా ఈయన పోయి చూసి, గట్టి చెక్క మీద గీసుకొస్తే, ఆ చెక్కను ముక్కలుగా విడదీసి తలా ఒకటి చెక్కి, మళ్ళీ బిగించి అచ్చు కొట్టేవాళ్ళు. బొమ్మ మధ్యలో వెంట్రుకంత తెల్లటి గీతలుంటే, అవి ఆ ముక్కల అతుకులని నాకు చూపించాడు. ఈ బొమ్మ కోసం ఆయన గనిలోకి దిగి, అక్కడే బండ మీద కూర్చుని గీశాడట. పత్రికవాళ్ళు గనివాళ్ళ ముఖాలు కాస్త శుభ్రంగా ఉండేలా గీయమన్నారట. ఆయన ఒక్క ముఖమూ కడగలేదట. ఆ మాట విని నేను లేచి గంతులేశాను.

మర్నాడు ఆ పుస్తకాన్ని సంచిలో మోసుకుపోయి మాస్టరు బల్ల మీద పెట్టాను. అమెరికా గనిలో అందరూ ఎడమచేతివాటం వాళ్ళే, వాళ్ళ చేతులు ఎవరూ కట్టలేదు సార్ అన్నాను. అంత మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు. మాస్టరు బొమ్మ చూశాడు, నన్ను చూశాడు, నవ్వాడు. చెక్క మీద గీసింది కాగితం మీదికి తిరగబడి పడుతుంది, అందుకే ముందుగానే తిప్పి గీయాలి, ఈ గీసినవాడు తిప్పలేదు, వీళ్ళందరూ కుడిచేతివాటం వాళ్ళే అని క్లాసుకంతా వివరించాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. తర్వాత నా జడలోంచి రిబ్బను విప్పాడు. ఆ రోజు వేసిన ముడి మామూలు కన్నా గట్టిగా వేశాడు.

ఇంటికొచ్చి అన్నం తిననని భీష్మించుకున్నాను. అవ్వ వసారాలో అనపకాయలు ఒలుస్తోంది. పెదనాయన ఆఫీసు నుంచి రాగానే పుస్తకాన్ని ఆయన కాళ్ళ దగ్గర పడేసి, "అబద్ధం చెప్పినావు కదా!" అని అరిచాను.

"చెప్పినాను పాపా" అన్నాడు. "నీకు ఒక్క దినమన్నా ధైర్యం వస్తాదని చెప్పినా. తప్పే."

ఆ బొమ్మ మీద ట్రేసింగు గుడ్డ ఒక ముక్క పరిచాడు. ఆరుగురిలో ఒకణ్ణి నల్ల సిరాతో దించాడు. ఆరాక గుడ్డను తిరగేసి పట్టుకున్నాడు. పల్చటి గుడ్డలోంచి అదే మనిషి కుడి చేత్తో సుత్తి ఎత్తి కనబడ్డాడు. నా ఏడుపు ఆగలేదు. అప్పుడు పుస్తకం తీసి, నిన్న నాకు చదవకుండా దాటేసిన పేరా చదివాడు. ఆ బొమ్మ వచ్చిన వారం జనం ఎగతాళి చేశారట. మళ్ళీ సరిగ్గా గీసివ్వమని పత్రికవాళ్ళు ఒత్తిడి పెడితే, ఆ మనుషులు ఆ పూట ఉన్నట్టు మళ్ళీ దొరకరని చెప్పి ఆయన గీయలేదట. ఏడాది పాటు ఆయనకు పని ఇవ్వలేదట.

"తిప్పలేదు, అంతే. అయినా బండ పగలతా ఉండాదా లేదా, నువ్వే చెప్పు" అన్నాడు పెదనాయన.

ఆయన గుడ్డను మళ్ళీ ముందువైపుకు తిప్పి పరిచాడు. తర్వాత కలాన్ని కుడి చేతి నుంచి ఎడమ చేతికి మార్చుకుని, బొమ్మ కింద అ, ఆ, ఇ, ఈ అని రాశాడు. అంత సన్నటి గీతలు గీసే మనిషి, ఒక్కో అక్షరానికి ఊపిరి బిగపట్టాడు. అవి ఒకటో తరగతి పిల్లవాడి అక్షరాలు. వంకరగా, లావుగా, ఒకటి పైకీ ఒకటి కిందికీ పోయాయి.

"నేనూ రొడ్డవాణ్ణే పాపా. మా అమ్మ ఈ చేతికి గుడ్డసంచి తొడిగి ఏడాది కట్టి పెట్టింది. ఇది ఇంగ అప్పుటినుంచి ఈడనే నిలిచిపోయింది."

అమ్మ అంటే మా అవ్వే. వసారాలో అనపకాయల చప్పుడు ఆగిపోయింది. ఆమె అక్కడినుంచి లేవలేదు. ఆ రాత్రి అన్నం కూడా నాయనే వడ్డించుకున్నాడు.

పొద్దున అవ్వ ఎప్పటిలాగే నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ అల్లింది. చివర నల్లదారంతో ముడేసింది. ఎర్ర రిబ్బను కోసం నేను వెనక్కి తిరిగి చూశాను. అది ఆమె ఒళ్ళోనే ఉంది, చిన్న చుట్టలా చుట్టి ఉంది. "ఈ పొద్దు రిబ్బను లేదు పో. కట్టేదానికి ఆయప్ప యాడనుంచి తెచ్చుకుంటాడో తెచ్చుకోనీ" అంది.

ఆ రోజు మాస్టరు నా జడ వెతికాడు, దారం చూశాడు, స్కేలు తీశాడు. ఎడమ చేతి కణుపుల మీద కొట్టాడు. నేను చెయ్యి తీయలేదు. కొడుతూనే ఉన్నాడు, నేను గీస్తూనే ఉన్నాను. చెయ్యి వాచింది. మామిడికాయ మాత్రం మామిడికాయలాగే వచ్చింది. ఆ రోజు క్లాసులో ఎవరూ నవ్వలేదు. పరీక్షకు ఆ ఏడు నన్ను పంపలేదు. మరుసటి ఏడూ నేను అదే చేత్తో గీశాను, ఆయన చచ్చినట్టు పంపాడు. కోలారులో నా కాగితం దిద్దినవాళ్ళెవరూ ఏ చేత్తో గీశావని అడగలేదు.

తర్వాత నేనూ డ్రాయింగు టీచరునే అయ్యాను. బేతమంగళలో, క్యాసంబళ్ళిలో, చివరికి నంగలి దగ్గర పనిచేశాను. అన్నం కుడి చేత్తోనే తింటాను, అది అవ్వ కోసం. మిగతాదంతా నా ఇష్టం. పిల్లల చేతులు మార్చమని నా దగ్గరికొచ్చిన తల్లిదండ్రులను ఎందరినో తిట్టి పంపాను. మొన్న కూడా పక్కింటి అమ్మాయి తన నాలుగేళ్ళ కొడుకును తీసుకొచ్చి, ఇప్పుడైతే సులభంగా మారతాడు కదా అత్తా అని అడిగింది. రోజూ రైలెక్కి బెంగుళూరు పోయి కంప్యూటర్ల పని చేసే పిల్ల! నేను తిట్టలేదు. గోడ మీది పటం చూడమన్నాను.

మా ఇంట్లో ఉతకకుండా మిగిలిన ట్రేసింగు గుడ్డ ముక్క అదొక్కటే. ఇన్నేళ్ళకు నీలం వెలిసింది, సిరా వెలవలేదు. పటం కట్టినవాడు అప్పట్లో ఏ వైపు పైకి పెట్టాలమ్మా అని అడిగాడు. ఒకవైపు గనివాడు సుత్తిని ఎడమ చేత్తో ఎత్తుతాడు, తిరగేస్తే కుడి చేత్తో. ఎటు తిప్పినా పని చేస్తూనే ఉంటాడు. కానీ కిందున్న ఆ నాలుగు వంకర అక్షరాలు చదవడానికి రావాలంటే గనివాడు ఎడమచేతివాటం వాడుగానే ఉండాలి. అలాగే పెట్టించాను.