నా మినిట్స్ పుస్తకంలో యువరాజు

ఏ సమావేశానికి వెళ్లినా మినిట్స్ రాయడం నలభై ఏళ్లుగా నా అలవాటు. నా రాతను ఎవరూ తప్పుపట్టలేదు. నిరుడు ఆక్లాండ్‌లోని పాపటోయిటోయిలో ఆ గర్వం అణిగింది.

మా పక్కింటి ఒబిన్నా తండ్రి నైజీరియాలో ఇగ్బో జాతివారి పట్టణం ఒకదానికి రాజు. ఆయన మరణించాక, ఇక్కడున్న ఆ ఊరివారు కొత్త రాజు విషయమై తమ అభిప్రాయం ఊరికి పంపాలని సమావేశమయ్యారు. "మీరు బయటివారు అంకుల్, పక్షపాతం ఉండదు. మినిట్స్ మీరే రాయండి" అని ఒబిన్నా నన్ను పిలిచాడు. రాజు కొడుకే రాజవుతాడనుకుని, హాజరైనవారి పేర్లలో మొదట "యువరాజు ఒబిన్నా" అని రాశాను. అతడు చూసి నవ్వాడే తప్ప కాదనలేదు.

చివర్లో చియోమా అనే నర్సు పుస్తకం అందుకుని ఆ మాట బిగ్గరగా చదివింది. హాలంతా నా మీద విరుచుకుపడింది.

"మా రాజును మీరు నియమించారా అంకుల్? మా ఊళ్లో నాలుగు పేటలు. రాజరికం వంతులవారీగా తిరుగుతుంది. ఈసారి వంతు మా పేటది!" అంది చియోమా.

"రాసింది రాసినట్టే ఊరికి పంపండి అంకుల్," అన్నాడు ఒబిన్నా. "మీ దేశంలో మాత్రం రాజు కొడుకు రాజు కాడా?"

నన్నెందుకు పిలిచాడో అప్పుడు అర్థమైంది. తల కొట్టేసినట్టయింది. అందరి ఎదుటా ఆ మాట కొట్టివేసి, "పొరపాటు నాది, తెలిసీ ఒబిన్నా సరిదిద్దలేదు" అని రాసి సంతకం చేశాను. చియోమా కూడా చేసింది. ఒబిన్నా కలం విసిరికొట్టాడు. అదీ రాశాను.

అడగకుండా రాయడం నా తప్పే. కానీ నా అజ్ఞానాన్ని సింహాసనానికి మెట్టుగా వాడుకోజూసినవాణ్ణి నేటికీ క్షమించలేదు.